కాలు తడవని అందం

సినిమాలో వేలాడే వంతెన కనిపించిందంటే ఏదో కొంప మునగబోతోందని మనకు ముందే తెలిసిపోతుంది. ఇటు చివర హీరో, అటు చివర విలన్, కింద లోయ. నడిమధ్య హీరోయినో, హీరోగారి తల్లో. ఒక తాడు పుటుక్కున తెగుతుంది. హాలంతా నిశ్శబ్దం! ముందు వరస కుర్రాడు నోట్లో వేసుకున్న పల్లీ నమలడం కూడా మరచిపోతాడు. రెండో తాడు కూడా తెగుతుంది... సరే, ఆ పైన ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నేను మాత్రం అలాంటి సీను వచ్చినప్పుడల్లా హీరో వైపు చూడను. తాళ్ళ వైపు చూస్తాను. ఏ తాడు తెగింది, ఎక్కడ తెగింది, మిగిలిన తాళ్ళ మీద ఎంత బరువు పడుతోంది అని లెక్కలు వేస్తూంటాను. అదొక జబ్బు. పక్క సీటు వాళ్ళకు ఆ లెక్కలు చెప్పబోయి చీవాట్లు తిన్న రోజులు కూడా వున్నాయి. అందుకే ఈ వారం ఆ లెక్కలేవో మీకే చెబుదామని కూచున్నాను. మీరు విసుక్కున్నా నాకు వినబడదు గదా!

1984లో వచ్చిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ సినిమా 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' మీలో చాలామంది చూసే వుంటారు. కథ మన దేశంలో జరిగినట్టు చూపించారు గాని, ఆ వంతెన సీను తీసింది శ్రీలంకలో, కాండీ దగ్గర. తెర మీద పాత తాళ్ళ వంతెనలా కనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే లోపల వున్నవి ఉక్కు కేబుళ్ళు. దగ్గర్లో డామ్ కడుతున్న బ్రిటిష్ ఇంజనీర్ల చేత కట్టించారు. వంతెన రెండు ముక్కలయ్యే షాట్‌లో చిన్న పేలుడు మందు పెట్టి కేబుళ్ళు తెంపారు. కింద పడేది మనుషులు కాదు, కాళ్ళు కొట్టుకునేలా తయారుచేసిన బొమ్మలు. ఒక్కటే టేకు. రెండోసారి తీద్దామంటే వంతెన వుండదుగా!

సినిమావాళ్ళు వంతెన కట్టేది తెంపడానికి. ఇంజనీరు కట్టేది తెగకుండా వుండడానికి. తీగలు మాత్రం ఇద్దరివీ ఒకటే. ఆ తీగల కథే ఇవాళ్టి మన కథ.

మా వరంగల్ వాళ్ళకు తీగల వంతెన అనగానే గుర్తొచ్చేది లక్నవరం. వరంగల్ నుంచి ములుగు మీదుగా దాదాపు 75 కిలోమీటర్లు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనే వుండేది. 2019లో ములుగు జిల్లా ఏర్పడ్డాక ఆ జిల్లాలోకి వెళ్ళింది. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువు. తవ్వించిన అన్నానే గాని, నిజానికి అక్కడ చేసింది అంతకంటె తెలివైన పని. కొండల మధ్య వున్న ఇరుకు సందులను పొట్టి కట్టలతో మూసేశారు. మిగతా గోడంతా కొండలే! చెరువు నిండాక లోపల చిన్న గుట్టలు దీవులై మిగిలాయి. ఆ దీవికీ ఒడ్డుకూ మధ్య సుమారు 160 మీటర్ల పొడవున వేలాడే వంతెన వేశారు. ఆదివారం వచ్చిందంటే హన్మకొండ, కాజీపేట కుర్రకారంతా మోటారు సైకిళ్ళ మీద అక్కడే వుంటారు.

ఒకసారి నేనూ వెళ్ళాను. వెంట మా మేనల్లుడు, మా చిన్నమ్మ. మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు. వాడికి రీల్స్ పిచ్చి. వంతెన నడిమికి రాగానే ఫోను నా చేతిలో పెట్టాడు.

"మామా, నేను దుంకుత. వంతెన వూగుతది. నువ్వు స్లో మోషన్ల తియ్యి."

"అరే పోరడా, కుదురుగ నడువు" అని మా చిన్నమ్మ కసిరింది. కసిరి, తను మాత్రం చేతితీగ పట్టుకుని అక్కడే ఆగింది. అందరూ కెమెరా వైపు చూస్తూంటే ఆమె కిందికి, నీళ్ళ వైపు చూస్తోంది. ఇటు కంబం వైపు చూసింది. అటు కంబం వైపు చూసింది. మళ్ళీ నీళ్ళ వైపు చూసింది.

"కొడుకా, నడి నీళ్ళల్ల ఒక్క కంబం లేకుంట ఇది ఎట్ల నిలవడ్డది?"

"తీగలు పట్టుకున్నయి చిన్నమ్మా. వూగుతాంది, భయమైతాందా?"

"వూగితే వూగనియ్యి. కాలు తడుస్తలేదు గదా! ఇసొంటిది మా వాగు మీద పడదా?"

ఆ మాట ఎందుకన్నదో తెలియాలంటే ఆమె వూరు గురించి చెప్పాలి. ఏటూరునాగారం వైపు, అడవిని ఆనుకుని వున్న చిన్న వూరు. వూరికీ రోడ్డుకూ మధ్య వాగు. ఎండాకాలం అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు. వానాకాలం మాత్రం వాగు దారిస్తేనే వూరికి లోకం. ఒక ఏడు శ్రావణంలో చిన్నమ్మకు జ్వరం ముదిరింది. మూడు రోజులు వాగు తగ్గలేదు. నాలుగో రోజు నలుగురు మనుషులు మంచం భుజాన పెట్టుకుని, ఛాతీ దాకా నీళ్ళలో నడిచి, ఆమెను ఇవతలికి చేర్చారు. ఒడ్డున మా అమ్మ నిలబడి వుంది. ఆ రోజు మా అమ్మ మొహం ఎలా వుందో చెప్పడం నాకు చేతకాదు. అందుకే లక్నవరంలో మాకు సరదాగా తోచిన వంతెన చిన్నమ్మకు ఆస్తిలా కనిపించింది.

"నడి నీళ్ళల్ల కంబం లేకుండా ఎట్ల నిలిచింది?" అన్న ఆమె ప్రశ్నకు ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. మా వూళ్ళో 1959లో పెట్టిన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ వుంది. 2002 నుంచి దాన్ని ఎన్.ఐ.టి. అంటున్నారు. అక్కడ సివిల్ చదివిన మిత్రుడొకడు మర్నాడు టీ కొట్టు దగ్గర నాకు పాఠం చెప్పాడు. అదే మీకు చెబుతాను, వినండి.

మీ ఇంటి దండెంతో మొదలుపెడదాం. దండేనికి తడి దుప్పటి ఆరేస్తే మధ్యలో వాలుతుంది. అది చూసి మీరు తాడును గట్టిగా బిగించి కడతారు. మళ్ళీ దుప్పటి వేస్తే ఏమవుతుంది? తాడు తెగుతుంది, లేకపోతే మేకు వూడుతుంది! దుప్పటి బరువు పెరగలేదు. మరి ఎందుకు తెగింది? తాడు ఎంత నిటారుగా బిగిస్తే దాని మీద లాగుడు అంత పెరుగుతుంది. అదీ రహస్యం.

లెక్కలో చూడండి. 100 మీటర్ల వెడల్పు, దాని మీద సమంగా పరచిన 100 టన్నుల బరువు. కేబుల్ మధ్యలో 10 మీటర్లు కిందికి వాలితే, దాని మీద పడే లాగుడు సుమారు 125 టన్నులు. వాలు 5 మీటర్లే వుంచితే 250 టన్నులు. "నాకు వొంపే వద్దు, తిన్నగా కావాలి" అని ఒక్క మీటరు వాలుతో కట్టారనుకోండి, 1250 టన్నులు! మోసే బరువు మాత్రం అదే 100 టన్నులు. అంటే ఆ వొంపు సొగసు కోసం పెట్టింది కాదన్నమాట. కేబుల్ తన ప్రాణం కాపాడుకోవడానికి వాలిన వాలు అది. మన కళ్ళకు అందంగా వుంది, అంతే.

ఇక పాత్రధారుల పరిచయం. మన కాళ్ళ కింద వుండే పలక, దాన్ని పైకి పట్టుకున్న నిలువు తీగలు, ఆ నిలువు తీగలను మోసే రెండు పెద్ద కేబుళ్ళు, ఆ కేబుళ్ళు ఎక్కి దిగే కంబాలు. ఇందులో హీరో ఎవరంటే అందరూ కేబుల్ అనే చెబుతారు. కాని కేబుల్ రెండు కొసలనూ ఒడ్డున భూమిలో పట్టుకుని వుండేది ఒకటుంది. దాన్ని యాంకర్ అంటారు. బ్రహ్మాండమైన కాంక్రీటు దిమ్మె. ఎవరి ఫోటోలోనూ పడదు. సినిమాకు నిర్మాత ఎలాగో దీనికి ఇది అలాగ! తెర మీద కనపడడు గాని, ఆయన చెయ్యి వదిలేస్తే హీరోతో సహా అందరం నీళ్ళలోనే.

ఇదంతా వేలాడే వంతెన సంగతి. తీగల వంతెనల్లో ఇంకో జాతి వుంది. దాన్ని కేబుల్ స్టేడ్ అంటారు. ఇందులో వాలే కేబుల్ లేదు, ఒడ్డున యాంకర్ దిమ్మె కూడా అక్కర్లేదు. కంబం మీద నుంచి తిన్నగా, ఏటవాలుగా తీగలు దిగి వచ్చి పలకను పట్టుకుంటాయి. కావడి మోసేవాణ్ణి చూశారా? భుజానికి ఇటొక కుండ, అటొక కుండ. రెండూ సమంగా వుంటే మనిషి నిటారుగా నడుస్తాడు. ఒకవైపు కుండ దించేస్తే పక్కకు ఒరుగుతాడు. ఈ వంతెన కంబం కూడా ఆ కావడి మనిషే. అందుకే కట్టేటప్పుడు ఇటొక ముక్క, అటొక ముక్క, మళ్ళీ ఇటొకటి, అటొకటి చేర్చుకుంటూ పోతారు. కింద నీళ్ళలో సారువ కర్రలు పాతే పనే లేదు.

ఆ తీగలు దిగే తీరులో కూడా రెండు మోస్తర్లు. అన్నీ కంబం తల దగ్గర నుంచి బయలుదేరి విసనకర్రలా విచ్చుకుంటే అది ఒక అందం. వీణ తీగల్లాగ ఒకదానికొకటి సమాంతరంగా దిగితే అది మరొక అందం. విసనకర్ర పద్ధతిలో తీగలు నిటారుగా వుంటాయి కనుక బరువు సుళువుగా మోస్తాయి. వీణ పద్ధతిలో ఉక్కు కాస్త ఎక్కువ పడుతుంది గాని, ఏ వైపు నుంచి చూసినా గీతలు చిక్కు పడకుండా కనిపిస్తాయి. కలకత్తాలో 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతు విసనకర్ర తరహాది. నడిమి వెడల్పు 457 మీటర్లు.

కలకత్తా అన్నాను గనుక ఒక చిన్న మాట. 1958లో శక్తి సామంత 'హౌరా బ్రిడ్జి' అనే హిందీ సినిమా తీశాడు. ఆ పాత హౌరా వంతెన కూడా తీగల మీద వేలాడుతోందని చాలామంది అనుకుంటారు. కాదు! 1943లో వాడకంలోకి వచ్చిన ఆ వంతెనలో కేబుల్ లేదు, అంతా ఉక్కు చట్రమే. ఈసారి ఎవరైనా పొరబడితే పందెం కాయండి, టీ ఖర్చు మీకు మిగులుతుంది.

మన దగ్గరకు వద్దాం. కరీంనగర్‌లో మానేరు మీద కేబుల్ వంతెన 2023 జూన్‌లో తెరిచారు. పొడవు దాదాపు 500 మీటర్లు. హైదరాబాద్ దుర్గం చెరువు మీద వంతెన 2020 సెప్టెంబరు 25న ప్రారంభమయింది. ఖర్చు 184 కోట్లు. రాత్రిపూట రంగు దీపాలతో పెళ్ళికూతురిలా వుంటుంది. అయితే అది అచ్చమైన కేబుల్ స్టేడ్ కాదు, దాని చుట్టం. ఎక్స్‌ట్రాడోస్డ్ అంటారు. కంబాలు కాస్త పొట్టి. తీగలు బాగా ఏటవాలు. బరువులో కొంత తీగలు మోస్తే కొంత పలక తన నడుం బలంతో తనే మోస్తుంది. హీరో ఒక్కడే అందరినీ చితకబాదే సినిమా కాదిది. హీరోతో పాటు క్యారెక్టర్ ఆర్టిస్టులు కూడా గట్టివాళ్ళయిన సినిమా! రెండు కంబాల నడుమ 233.85 మీటర్లు. ఆ నడిమిలో చెరువులో ఒక్క స్తంభం లేదు.

ఇప్పుడు నిజంగా సినిమా తీయదగ్గ కథ చెబుతాను. న్యూయార్కులో బ్రూక్లిన్ బ్రిడ్జి. 1883లో తెరిచారు. నడిమి వెడల్పు 486 మీటర్లు. గీసినవాడు జాన్ రోబ్లింగ్. పని మొదలు కాకముందే, 1869లో, స్థలం కొలుస్తూండగా ఫెర్రీ పడవ తగిలి కాలు నలిగింది, ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ పని అందుకున్నాడు. నది అడుగున, గాలి ఒత్తిడి పెంచిన గదుల్లో పునాది తవ్వించి తవ్వించి అతను కూడా జబ్బున పడి మంచం పట్టాడు. కిటికీలోంచి చూస్తూ సలహాలు చెప్పేవాడు. అతని భార్య ఎమిలీ ఇంజనీరింగ్ లెక్కలు తనే నేర్చుకుని, భర్త మాటను పనివాళ్ళకూ, పనివాళ్ళ మాటను భర్తకూ చేరుస్తూ పదేళ్ళకు పైగా నడిపించింది.

కథ అన్నాక విలన్ వుండాలి గదా! వున్నాడు. తీగలు సరఫరా చేసిన లాయిడ్ హే అనే కాంట్రాక్టరు. పరీక్షకు మంచి తీగ చూపించి, దారిలో బండి మార్చి నాసి తీగ పంపేవాడు. 1878లో దొరికిపోయాడు. అప్పటికే బోలెడు నాసి తీగ కేబుల్‌లో కలిసిపోయింది. తీసెయ్యడం కుదరదు. మరి వంతెన ఎలా నిలిచింది? రోబ్లింగ్ మొదట్లోనే అవసరానికి ఆరు రెట్ల బలం వుండేలా లెక్క వేశాడు. మోసం పోను సుమారు అయిదు రెట్లు మిగిలింది. అది చాలక ప్రతి కేబుల్‌కూ ఇంకో 150 తీగలు చేర్చారు. ఆ నాసి తీగలు ఇప్పటికీ అందులోనే వున్నాయి. వంతెన కూడా నిలిచే వుంది. మనిషి మోసం చేస్తాడని ముందే లెక్కలో వేసుకున్నవాడే గొప్ప ఇంజనీరు అని నాకనిపిస్తుంది.

అయితే లెక్కలో వేసుకోని శత్రువు ఒకటి మిగిలింది. అది గాలి.

అమెరికాలోనే టకోమా నారోస్ అనే చోట 1940 జూలై 1న ఒక వంతెన తెరిచారు. నడిమి వెడల్పు 853 మీటర్లు. సన్నగా, నాజూగ్గా, కట్టెపుల్ల నడుం హీరోయిన్‌లా వుండేది. పక్కలకు చిల్లులు లేని ఉక్కు రేకు గోడలు పెట్టారు. గాలి వాటిలోంచి దూరి పోలేదు. మొదటి రోజు నుంచే వూగేది. జనం దానికి ముద్దు పేరు పెట్టి, వూగుడు కోసమే టిక్కెట్టు కొని వెళ్ళేవారు! నవంబరు 7న గంటకు 64 కిలోమీటర్ల గాలి వీచింది. మరీ తుఫానేమీ కాదు. ఆ గాలికే వంతెన తడి బట్ట పిండినట్టు మెలికలు తిరగడం మొదలుపెట్టింది. ఒక్కో మెలికకు గాలి ఇంకాస్త వూతమిచ్చింది. చివరకు నడిమి భాగం నీళ్ళలో పడింది. మనుషులెవరూ పోలేదు, కారులో మిగిలిపోయిన ఒక కుక్క తప్ప. తెరిచి నాలుగు నెలలే.

సినిమా అభిమానులుగా మీకు చెప్పవలసింది ఇప్పుడు. ఆ కూలడాన్ని దగ్గర్లోని కెమెరా షాపు వాళ్ళు ఫిల్మ్ తీశారు. ఏ స్టంట్ మాస్టరూ, ఏ ట్రిక్కు షాటూ లేని ఆ ఫిల్మును 1998లో అమెరికా తన జాతీయ చిత్రాల జాబితాలో పెద్ద పెద్ద సినిమాల పక్కన చేర్చుకుంది. మరో తమాషా. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున తీసిన దాన్ని తర్వాత 24 ఫ్రేముల మీద నడిపించారు. అందుకని మనం చూసే కాపీల్లో వంతెన అసలు కంటె తొందరగా మెలికలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. పాత మూకీల్లో మనుషులు గబగబా నడిచినట్టే! 1950లో అక్కడే మళ్ళీ కట్టినప్పుడు రేకు గోడలు తీసేసి గాలి దూరే చట్రం పెట్టారు. ఆ తర్వాత పెద్ద వంతెన దేనికైనా నమూనా చేసి గాలి సొరంగంలో పరీక్షించడం రివాజయింది.

గాలి సంగతి సరే, మనుషుల మాటేమిటి? మా మేనల్లుడి గెంతులు గుర్తున్నాయా? లండన్‌లో 2000 జూన్‌లో మిలీనియం బ్రిడ్జి అనే కాలినడక వంతెన తెరిచారు. వేల మంది ఒక్కసారి ఎక్కారు. వంతెన కాస్త పక్కకు వూగింది. తూలకుండా వుండడానికి అందరూ తెలియకుండానే ఆ వూపుతో అడుగు కలిపారు. అడుగులు కలిసేసరికి వూపు పెరిగింది. రెండు రోజుల్లో మూసేసి, వూపును మింగే పరికరాలు బిగించి, 2002లో గాని మళ్ళీ తెరవలేదు. అక్కడ ఎవరూ గెంతలేదు, నడిచారు. అంతే!

మన దేశంలో జరిగినది ఇంత తేలిగ్గా చెప్పుకునేది కాదు. 2022 అక్టోబరు 30న గుజరాత్ మోర్బీలో మచ్ఛూ నది మీద వున్న పాత వేలాడే వంతెన తెగింది. మరమ్మతు చేసి తెరిచి నాలుగే రోజులు. పండగ సెలవులు. పట్టగలిగిన దానికంటె ఎన్నో రెట్లు టిక్కెట్లు అమ్మారు. 135 మంది పోయారు. అందులో చిన్న పిల్లలెందరో. తర్వాత దర్యాప్తులో తేలిందేమిటంటే, ఒక కేబుల్‌లో వున్న 49 తీగల్లో 22 తీగలు ముందే తుప్పు పట్టి వున్నాయి. పైన కొత్త పలకలు మెరుస్తున్నాయి, లోపల తీగ చచ్చిపోయి వుంది.

హాల్లో సీట్లు నిండితే బయట ఏం పెడతారు? హౌస్ ఫుల్ బోర్డు. అది చూసి మనకు సంతోషం, నిర్మాతకు సంతోషం. వంతెనకు కూడా హౌస్ ఫుల్ వుంటుంది. ఒకేసారి ఎంతమంది ఎక్కవచ్చునో రాసిన బోర్డు మొదట్లో వుంటే అది చదవండి. లేకపోతే అడగండి. "ఇప్పటికే చాలామంది వున్నారు, కాసేపు ఆగుదాం" అన్నవాడు పిరికివాడు కాడు. ఆ గుంపులో లెక్క తెలిసినవాడు వాడొక్కడే.

ఇంత భయపెట్టాక, ఈ తీగల వంతెనలు మనకెందుకని అడుగుతారేమో. మా చిన్నమ్మ మాటలోనే జవాబు వుంది. నడి నీళ్ళలో కంబం లేదు!

వాగులో కంబం పాతడం అంటే వాగుతో తగువు పెట్టుకోవడమే. వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చే చెట్లు, దుంగలు, కంప అంతా కంబాలకు అడ్డం పడుతుంది. నీళ్ళు వెనక్కు ఎగదన్నుతాయి. కంబం అడుగున ఇసుకను సుడి తోడేస్తుంది. వరద తీశాక చూస్తే పునాది గాలిలో వుంటుంది. 2023 జూలై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మేడారం జాతరలో మనం స్నానం చేసే ఆ జంపన్నవాగే పొంగి కొండాయి వూరిని ముంచింది. ప్రాణాలు పోయాయి. దొడ్లకూ కొండాయికీ మధ్య వున్న వంతెన కొట్టుకుపోయింది.

తీగల వంతెన వాగుతో తగువు పెట్టుకోదు. ఈ ఒడ్డున ఒక కంబం, ఆ ఒడ్డున ఒక కంబం, వరద మట్టానికి పైన పలక. వాగు దాని దారిన అది పోతుంది, మనిషి తన దారిన తాను పోతాడు. అలాగని అదేమీ మంత్రం కాదు. యాంకర్ దిమ్మెకు గట్టి నేల కావాలి. తీగలకు ఏటేటా తుప్పు పరీక్ష కావాలి. కాలినడకకు కట్టిన దాని మీద బస్సు పోదు, లారీ పోదు. కాని మంచం మీద మనిషిని మోసుకుపోయే నలుగురు పోవచ్చు. బడి పిల్లలు పోవచ్చు. ఛాతీ లోతు నీళ్ళతో పోలిస్తే అది ఎంత మేలు!

ఇది గాలిలో మేడ కాదు. కర్ణాటకలోని సుళ్య ప్రాంతానికి చెందిన గిరీష్ భరద్వాజ్ అనే మెకానికల్ ఇంజనీరు సరిగ్గా ఈ పనే చేశాడు. 1989లో అరంబూరు దగ్గర పయస్విని నది మీద కాలినడక కోసం మొదటి వేలాడే వంతెన కట్టాడు. ఆ తర్వాత కర్ణాటక, కేరళ, ఒడిషాలతో పాటు మన తెలంగాణలో కూడా కలిపి వందకు పైగా కట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన వంతెనల మీద రంగు దీపాలు వుండవు. సంచి భుజాన వేసుకున్న పిల్లలు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు వుంటారు.

జపాన్‌లో 1998లో తెరిచిన అకాషీ కైక్యో వంతెన నడిమి వెడల్పు 1991 మీటర్లు. 2022లో టర్కీవాళ్ళు 2023 మీటర్లతో దాన్ని దాటేశారు. ఆ ఫోటోలు చూసి నేనూ నోరు తెరుస్తాను. మా వాగు వెడల్పు అందులో ఇరవయ్యో వంతు కూడా వుండదు.

అందుకే దుర్గం చెరువు దీపాల ముందు ఫోటో దిగండి, తప్పులేదు. లక్నవరంలో రీల్స్ తీసుకోండి, గెంతకుండా తీసుకోండి. పనిలో పనిగా ఒక్కసారి తల ఎత్తి తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో చూడండి. ఒక్కసారి తల దించి నీళ్ళ వైపు కూడా చూడండి. అక్కడ కంబం లేకపోవడమే ఆ కట్టడంలో అన్నిటికంటె గొప్ప అందం.

మా మేనల్లుడు ఆ రోజు తీసిన వీడియోను ఇంటికి వచ్చాక చూశాం. వాడు గెంతే ముక్క నలభై సెకన్లుంది. చివర్లో ఫోను నా చేతిలో తిరిగిపోయి, చేతితీగ పట్టుకుని నీళ్ళ వైపు చూస్తున్న చిన్నమ్మ రెండు సెకన్లు పడింది. వాడు తన ముక్కంతా కత్తిరించి ఆ రెండు సెకన్లే వుంచుకున్నాడు. వాడి ఎడిటింగ్ నాకు నచ్చింది.

వానలు మొదలవకముందే చిన్నమ్మ ఈ ఏడు కూడా రెండు నెలలకు సరిపడా బియ్యం, ఉప్పు, జ్వరం మాత్రలు ఇంట్లో పెట్టుకుంది.